నమూనా కాగితం మీద తమ సంతకం

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

ప్రసూతి ఆసుపత్రికి పసిపిల్లల పడకలు కుట్టి ఇచ్చు పరుపుల దర్జీ, అనగా ఊరందరూ 'దూది మామ' అని పిలుచు మనిషి, సమర్పించుకొను మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: పుట్టిన ప్రతి బిడ్డకు ఆసుపత్రి వారు కానుకగా ఇచ్చుచున్న మెత్తటి పడక సెట్టును వెంటనే ఆపుట గురించి, ఇదివరకు ఇచ్చినవి ఇళ్ళ నుండి వెనక్కి తెప్పించుట గురించి, మా మనుమరాలి మరణ విచారణ కాగితములో 'తల్లి ఏమరుపాటు' అను రెండు మాటలు కొట్టివేయుట గురించి.

1. నేను ముప్పై ఒక్క సంవత్సరములుగా దూది ఏకి, పరుపులు కుట్టి జీవించుచున్న వాడను. నా చేతి పరుపు మీద పడుకుని నడుము పట్టేసిందని ఇంతవరకు ఎవరూ నా కొట్టు గుమ్మం ఎక్కలేదు. రెండు సంవత్సరముల క్రిందట తమ కార్యాలయము నుండి నాకొక ఉత్తర్వు వచ్చినది. పుట్టిన ప్రతి బిడ్డకు ఒక పడక సెట్టు ఇవ్వదలచినామని, అందులో బాగా మెత్తగా ఉండు చిన్న పరుపు, దిండు, రెండు పక్కల పెట్టుటకు గుండ్రటి బాలీసులు, దళసరి బొంత ఉండవలెనని, కుట్టుపని నాకు అప్పగించడమైనదని దాని సారాంశము. అడుగున తమ సంతకము ఉన్నది. ఆ రోజు మా ఆవిడ ఆ కాగితాన్ని చేత్తో తడిమి చూసి, "ఇకనుంచి ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా నీ చేతి దూది మీదే నిద్రపోతుందన్నమాట" అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. దాచడమెందుకు, ఆ కాగితానికి ఫ్రేము కట్టించి కొట్లో గోడకి తగిలించాను.

2. మా పనిలో కత్తిరింపుకు నమూనాలు గట్టి కాగితముతో చేసుకొనుట వాడుక. నమూనాను గుడ్డ మీద పరచి, చుట్టూ సుద్దతో గీసి, ఆ గీత వెంట కత్తెర నడిపించవలెను. మొదటి సెట్ల కోసం గుడ్డ తీసుకొనుటకు ఆసుపత్రికి వెళ్ళగా అక్కడి స్టోర్ కీపరు ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టి, "ఆఫీసు కాగితం అట్టముక్కలా ఉంటుంది మామా. ఎలాగూ చిత్తుకి పోయేవే. నీ నమూనాలకి పనికొస్తాయి, పట్టుకుపో" అన్నాడు. నేను సంతోషించి దణ్ణం పెట్టి తెచ్చుకున్నాను. అందులోంచి దిండుకు ఒక కాగితము, బాలీసు మూతకు గుండ్రంగా ఒక కాగితము కత్తిరించి మేకుకు తగిలించుకున్నాను. అచ్చు వైపు గుడ్డకు తగిలితే సిరా అంటుతుందేమోనని అక్షరాలను పైకే ఉంచి గీసేవాణ్ణి. ఈ సంగతి తమరు జ్ఞాపకము ఉంచుకోవలెనని మనవి.

3. కొంతకాలమునకు మా అమ్మాయికి ఆ ఆసుపత్రిలోనే కూతురు పుట్టినది. గుప్పెడంత ఉంది. అందుకని పేరు పెట్టేలోపు 'గుప్పెడు' అని పిలవడం మొదలుపెట్టాం, చివరికి అదే మిగిలింది. కానుక సెట్టు మాకూ ఇచ్చినారు. దిండు మూలన చిన్న బాతు బొమ్మ ఉంటుంది కదా, అది మా అమ్మాయి పనే. కడుపుతో ఉన్నన్నాళ్ళూ నా కొట్లో కూర్చుని అన్ని దిండ్లకూ తనే కుట్టింది. తను కుట్టిన బాతు తన బిడ్డకే వచ్చిందని చూసి తెగ మురిసిపోయింది. పెద్ద నర్సమ్మ తమ శాఖ వారి చిన్న పుస్తకం తెరిచి, దాని అట్ట మీద దిండు పైన బోర్లా పడుకుని నవ్వుతున్న బాబు ఫోటో చూపించి, "ఇదిగో, అచ్చం ఇలా పడుకోబెట్టమ్మా. బోర్లా అయితే ఉలిక్కిపడరు. పాలు కక్కినా గొంతుకి అడ్డం పడవు" అని చెప్పింది. మా ఆవిడ కూడా వంతపాడింది. మా అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. బడిలో మార్జిన్ గీయమంటే మిగతా పిల్లలు చేత్తో లాగిపారేస్తే, ఇది స్కేలు కోసం ఇల్లంతా వెతికేది. ఆ పుస్తకాన్ని పాప మంచం కోడుకి దారంతో కట్టుకుంది.

4. గుప్పెడుకు మూడు నెలల పదకొండు రోజులు నిండిన నాడు మధ్యాహ్నము పాలు త్రాగినది. త్రేన్చినది. ఒంట్లో జ్వరము గాని, దగ్గు గాని లేవు. మా అమ్మాయి ఫోటోలో ఉన్నట్టే బోర్లా పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టి, అటూ ఇటూ బాలీసులు సర్ది, చలిగాలి తగలకుండా బొంత కప్పి, పెరట్లోకి వెళ్ళి ఒక బకెట్టు బట్టలు ఆరేసి వచ్చినది. పెరటి తలుపు తెరిచే ఉన్నది. ఏడుపు వినబడలేదు. లోపలికి వచ్చి చూడగా

ఈ వాక్యమును పూర్తి చేయుటకు అర్జీదారు అశక్తుడు.

5. విచారణకు తమ కార్యాలయము నుండి ఒక గుమాస్తా వచ్చినాడు. కుర్చీ వేశాం. మంచినీళ్ళిచ్చాం. "ఆ టైములో నువ్వేం చేస్తున్నావమ్మా?" అని అడిగాడు. "బట్టలు ఆరేస్తున్నానండి" అంది. రాసుకున్నాడు. ఎలా పడుకోబెట్టారు, దేని మీద పడుకోబెట్టారు అని అడగలేదు. మంచం వైపు తల తిప్పలేదు. వారం తర్వాత వచ్చిన కాగితంలో 'మరణ కారణము: తల్లి ఏమరుపాటు' అని ఉంది.

అయ్యా, తడిబట్టలు ఆరేయడం ఏమరుపాటా? మరి వాటిని ఎవరు ఆరేయాలి, తమ గుమాస్తా వచ్చి ఆరేస్తాడా? ఈ ప్రశ్న అర్జీకి తగని భాషలో ఉన్నదని నాకు తెలుసు. ఉండనివ్వండి.

మా అల్లుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి రోజూ మా అమ్మాయి పక్కన కూర్చుని, "నువ్వేం తప్పు చేయలేదే" అంటాడు. "మరి ఆఫీసు వాళ్ళు రాసిందో?" అంటుంది. అంతే, ఇక పెదవి విప్పదు. ఆఫీసు వాళ్ళు తప్పు రాస్తారని మా ఇంట్లో ఎవరికీ తోచదు. ఆ పిల్లని అలా పెంచింది నేనే.

6. నెల గడిచిన పిదప కొట్టు తెరిచినాను. తమ ఆర్డరు తాలూకు సెట్లు బాకీ పడి ఉన్నవి. పని చేయకపోతే పిచ్చెక్కేట్టుంది. దిండు నమూనా మేకు మీంచి తీసి గుడ్డ మీద పెట్టాను. సుద్ద పట్టుకున్న చెయ్యి కదల్లేదు. చూపు మాత్రం ఆ కాగితం మీదే ఉండిపోయింది. మా పనివాళ్ళ కన్ను ఎప్పుడూ అంచు మీదే ఉంటుందండి. ఆ రోజు మొదటిసారి మధ్యలోకి పోయింది. అక్కడ ఇలా అచ్చై ఉన్నది:

"పసిబిడ్డలను పగలైనను రాత్రియైనను ప్రతి నిద్రకు వెల్లకిలా మాత్రమే పడుకోబెట్టవలెను. పడక గట్టిగా, చదునుగా ఉండవలెను. పడకలో దిండు, బాలీసు, బొంత, మెత్తటి బొమ్మలు ఏవియు ఉంచరాదు. బిడ్డకు ఉక్కపోయునట్లు కప్పరాదు. బిడ్డ దగ్గర పొగ త్రాగరాదు. బిడ్డను తల్లి గదిలోనే, వేరే పడక మీద ఉంచవలెను. నిద్రలో జరుగు ఆకస్మిక మరణములు దీనివలన తగ్గునని రుజువైనందున, ఈ సంగతులు ప్రతి తల్లికి తెలియజేయవలెను."

దిండు పెట్టవద్దు అన్న కాగితంతో రెండేళ్ళు దిండ్లు కత్తిరించాను. అక్షరాలు నా ముఖం వైపే తిరిగి ఉన్నాయి. నాకు చదువు రాక కాదు. దినపత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను, సినిమా ప్రకటనలతో సహా.

బాలీసు మూత నమూనా కూడా తీసి చూశాను. అది అదే సర్క్యులర్ రెండో పేజీ. గుండ్రటి ముక్కకు సరిగ్గా నడిమధ్యన తమ సంతకం ఉంది. గోడ మీద ఫ్రేములో ఉన్న ఉత్తర్వు దించి పక్కన పెట్టి చూసుకున్నాను. ఆ మెలికా అదే, కింద గీతా అదే. సర్క్యులర్ మీద సంతకం పెట్టిన ఇరవై రెండు రోజులకు దిండ్లు కుట్టమన్న ఉత్తర్వు మీద పెట్టారు.

తమరు చదవకుండా సంతకం పెట్టారు, నేను చదవకుండా కత్తిరించాను. మనిద్దరం చదవని కాగితానికి మా అమ్మాయి జవాబు చెప్పుకుంటోంది.

7. ఆ రెండు ముక్కలు పట్టుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళినాను. ఆవిడ ఆసుపత్రికి కొత్త. రెండు కాగితాలూ చదివి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. తర్వాత, "మామా, మీకు అబద్ధం చెప్పను. ఈ దిండు వల్లే పాప పోయిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి బిడ్డలు ఇలా పోతారు. ఎంత వెతికినా కారణం దొరకదు. కానీ వెల్లకిలా, గట్టి పడక మీద, పక్కన ఏమీ లేకుండా పడుకోబెడితే ఇలాంటి చావులు బాగా తగ్గుతాయి. అది మాత్రం ఖాయం" అంది.

"మరి కక్కితే?" అన్నాను. నర్సమ్మ మాట నా బుర్రలో తిరుగుతోంది. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది. "వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన ఉంటుంది, ఆహారం గొట్టం కింద ఉంటుంది. కక్కిన పాలు కిందికే జారతాయి. బోర్లా తిరిగితే గాలి గొట్టమే కిందికొస్తుంది. అందరూ తలకిందులుగా అనుకుంటారు మామా." తర్వాత అక్కడున్న కానుక సెట్టులోంచి నా దిండు తీసి అరచెయ్యి అదిమింది. చెయ్యి మొత్తం మునిగిపోయింది. నా దూది అలాంటిది మరి. నేను గొప్పలు చెప్పుకున్నది దాని గురించే.

"అయితే మా అమ్మాయి తప్పు ఎంత?" అని అడిగాను. "ఏమీ లేదు. చెప్పినట్టు చేసింది. చెప్పినవాళ్ళది తప్పు" అంది. ఈ మాట కాగితం మీద రాసిమ్మన్నాను. రాస్తానని, అయితే పైనుంచి అడిగితేనే రాయగలనని అంది. తమరు అడుగుదురని ఆశించుచున్నాను.

8. స్టోర్ కీపరును నిలదీశాను. "సర్క్యులర్లు వస్తుంటాయి, పోతుంటాయి మామా. ఫైలు చేశాం కదా" అన్నాడు. ఫైలు చేసింది నా కొట్లో మేకుకని చెప్పాను. "అంత గట్టిగా అరవకు, లోపల బాలింతలున్నారు" అన్నాడు. మొట్టమొదటిసారి ఆ మనిషి బాలింతల గురించి ఆలోచించడం చూశాను.

9. తమకు మొదటి అర్జీ పెట్టుకున్నాను. మార్జిన్ సరిపోలేదని తిప్పి పంపారు. స్కేలు పెట్టి గీసి రెండవది పెట్టుకున్నాను. అది దిండ్ల నాణ్యతపై ఫిర్యాదు అని తలచి, సామగ్రి విభాగమునకు పంపినారు. సామగ్రి విభాగము వారు నిబంధనల ప్రకారము దానిని సరఫరాదారునకు పంపినారు. సరఫరాదారు ఎవరయ్యా అంటే నేనే. "తమ దిండ్లపై ఒక పౌరుడు ఫిర్యాదు చేసినందున మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకోవలెను" అని నా ఫిర్యాదు మీద నాకే నోటీసు వచ్చింది. నేను సంజాయిషీ ఇచ్చుకున్నాను: "పౌరుడు చెప్పినది అక్షరాలా నిజము. నేరము ఒప్పుకొనుచున్నాను. దిండ్లు ఆపండి." దానికి జవాబుగా కొత్త ఆర్డరు వచ్చింది. ఫిర్యాదు అందినందువలన ఇకమీదట దిండులో దూది మరికొంచెము ఎక్కువ కూరవలెనట. సంతకము తమదే.

అయ్యా, ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. కొట్లో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. పక్క కొట్టు తాళాల మనిషి పరిగెత్తుకొచ్చి నా నెత్తి మీద నీళ్ళు చల్లాడు.

10. కుట్టుట మానివేసినాను. ఆసుపత్రిలో సెట్లు పంచిపెట్టిన ఆయమ్మను బతిమాలి, జ్ఞాపకం ఉన్నంత వరకు ఇళ్ళ గుర్తులు రాయించుకుని సైకిలు మీద బయలుదేరాను. దిండూ బొంతా బాలీసులూ ఇచ్చేయమని, బదులుగా గట్టి పరుపు, దానికి బిగువుగా పట్టే గలీబు ఇస్తానని చెప్పాను. కొందరు ఇచ్చారు. ఒకామె తలుపు సందులోంచి, "గవర్నమెంటు వాళ్ళు ముద్ర వేసి ఇచ్చింది లాక్కోడానికి నువ్వెవరయ్యా?" అంది. "కుట్టినవాణ్ణి తల్లీ" అన్నాను. "కుట్టినవాడివి కుట్టుకో, మా జోలికి రాకు" అని తలుపు వేసేసింది. ఆమెను తప్పుపట్టలేను. ముద్రను నమ్మింది. మేమూ నమ్మాం. ఎవరైనా ఒక పడక అమ్ముకునేవాడు మోసం చేస్తే తిట్టి ఊరుకుంటాం. ఆరోగ్యం చూడాల్సిన ఆఫీసే, తెలిసి కూడా, తెలిసిన సంగతిని చిత్తుకాగితాల్లో పడేసి, ఫోటో తీయించి చేతికిస్తే మనిషి ఎవరితో మొర పెట్టుకోవాలి? తమతోనే పెట్టుకోవలసి వచ్చింది. అదే నా కడుపుమంట.

కావున తమరు దయతో (అ) సెట్ల పంపిణీ నేడే ఆపించి, (ఆ) ముద్ర ఉన్న మనుషులనే ఇంటింటికీ పంపి పాత సెట్లు తెప్పించి, (ఇ) పుస్తకం అట్ట మీది ఆ బాబును వెల్లకిలా తిప్పించి, (ఈ) మా అమ్మాయి కాగితంలో 'తల్లి ఏమరుపాటు' కొట్టివేసి, 'కారణము తెలియలేదు. తల్లి ఆసుపత్రి వారు చెప్పినట్లే చేసినది' అని రాయించి, తమ సంతకము చేసి ఇప్పించవలెను. ఈసారి చదివి చేయవలెను.

(అ), (ఆ), (ఇ) ఊరందరి కోసము. (ఈ) నా స్వార్థము. ఆ ఒక్క కాగితము లేకపోతే మా అమ్మాయి మాకు దక్కదని భయముగా ఉన్నది. రెండు నమూనా కాగితములు దీనితో జతపరచితిని. చిల్లులు మేకువి, సుద్ద గీతలు నావి.

అక్షరము అక్షరము చూసి చిత్తగించవలెను.

మొన్నమొన్నటి వరకు తమ విధేయుడు,
పరుపుల దర్జీ (దూది మామ)

తా.క. పైన రాసిందంతా నిన్ననే పూర్తయింది. ఇది ఈ ఉదయం మీ ఆఫీసు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. కవరు మీద నా సుద్దతో 'ముందు చివరి పేజీ చూడండి' అని రాసింది ఇందుకే.

సారూ, మూడు నెలల కిందట మీకు మనవడు పుట్టినప్పుడు స్టోర్ కీపరు నా దగ్గరికొచ్చి, పెద్దసారు గారింటికని చెప్పి ఒక ప్రత్యేకమైన సెట్టు కుట్టించుకుపోయాడు. పట్టు గలీబు, నా దగ్గరున్న వాటిలోకెల్లా మెత్తటి దూది. మామూలు దిండు కన్నా అది రెండింతలు మునుగుతుంది.

ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టిన మొదటి రోజే మీ ఇల్లు గుర్తొచ్చి, ఇళ్ళ గుర్తుల చీటీలో చేర్చాను. వెళ్ళలేదు. నాలుగు రోజులు మీ వీధి మలుపు మీదుగానే సైకిలు తొక్కుకుంటూ పోయాను, మీ గేటు ముందు ఆగలేదు. వాళ్ళకీ తెలిసిరానీ అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఇది రాయకపోతే నేనూ మీ గుమాస్తా లాంటి వాణ్ణే అవుతాను.

ఇవాళ పొద్దున మా అమ్మాయి నా చీటీ తీసి చూసింది. "పెద్దాఫీసరు గారింటి ముందు టిక్కు లేదేం నాన్నా?" అంది. చీటీ వెనక్కి తీసుకోబోయాను. "వెళ్ళు నాన్నా. ఆ బాబేం చేశాడు?" అంది. రెండు నెలల్లో అది ఇన్ని మాటలు కలిపి మాట్లాడింది ఇదే.

వెంటనే మీ గేటుకి వెళ్ళాను. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు, పరుపులు ఏకేవాడికి అమ్మగారితో పనేంటన్నాడు. అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికొచ్చాను. మీరు మీటింగులో ఉన్నారంటున్నారు.

ఇంటికి ఫోన్ చేయండి. బాబు నిద్రపోతుంటే వెల్లకిలా తిప్పమనండి. దిండూ బొంతా బాలీసులూ, ఆ మెత్తటి పరుపూ తీసేయమనండి. గట్టి పరుపు నా సైకిలు వెనక కట్టి ఉంది, తీసుకెళ్ళి ఇస్తాను. నేను బయట బెంచీ మీదే ఉన్నాను. 'తీసేశారు' అని ఎవరితోనైనా ఒక్క ముక్క చెప్పించండి, లేచి వెళ్ళిపోతాను. ఇంటికెళ్ళి మా అమ్మాయికి ఆ మాట చెప్పాలి. అర్జీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.